వెనుకనుండి వ్రాసిన అక్షరాలు



పాతకాలపు వకీళ్ళ గదుల తలుపుల మీద, కొన్ని పాత మందుల దుకాణాల ముంగిటి అద్దాల మీద బంగారు వన్నెతో మెరిసే అక్షరాలను మీలో కొందరైనా చూసి ఉంటారు. దగ్గరకు వెళ్ళి వేలితో తడిమితే అక్షరం తగలదు, చల్లని గాజే తగులుతుంది. అక్షరం అద్దానికి అవతల ఉంటుంది. అది బంగారు రంగు కాదు, బంగారమే. ఈ సంగతి నాకు తెలియడానికి కారణం మా బడిలోని ఒక తలుపు మీది అద్దం. తెలుగు పాఠాల గురించి వ్రాయవలసిన చోట ఈ కంసాలి ముచ్చట ఏమిటని మీరు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఇందులో ఒత్తులు ఉన్నాయి, తలకట్లు ఉన్నాయి, ముఖ్యంగా ధకారం కింద ఉండే చిన్న గీత ఉన్నది.

మా బడి తమిళనాడులోని భాషా అల్పసంఖ్యాక పాఠశాలలలో ఒకటి. ఇక్కడి తెలుగువారు నిన్నమొన్న వచ్చినవారు కారు. తాతముత్తాతల నాటి నుండి ఇక్కడివారే. బడిలో తమిళ, ఆంగ్ల మాధ్యమాల గదులు పెరుగుతూ వచ్చాయి, తెలుగు గదులు తరుగుతూ వచ్చాయి. ఇప్పుడు మాకు మిగిలినది ఒక వరండా, మూడు గదులు, ఒకటి నుండి అయిదు వరకు కలిపి ముప్పయి ఎనిమిది మంది పిల్లలు. ఆ వరండా తలుపుకు పైన అడ్డంగా ఒక గాజు పలక ఉండేది. దాని మీద 'తెలుగు మాధ్యమ విభాగము' అని బంగారు అక్షరాలు. ఎవరు వ్రాశారో, ఏ యేడు వ్రాశారో బడి దస్తావేజులలో ఎక్కడా లేదు. పైకప్పు మరమ్మతు జరిగినప్పుడు కర్ర తగిలి ఆ పలక పగిలిపోయింది.

పగిలిన ముక్కలను ఏరుతుండగా ఒక విచిత్రం చూశాము. ఒక ముక్క వెనుక నల్లని రంగు పెచ్చుగా లేచిపోయి, కేవలం బంగారపు పొర మిగిలి ఉన్నది. నాలుగో తరగతి పిల్ల ఒకతె దానిని ఎండకు ఎత్తి పట్టుకుని, "సార్, పచ్చగా కనిపిస్తోంది" అన్నది. నిజమే. ఎదురుగా చూస్తే పసుపు, వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే లేత ఆకుపచ్చ. అంత పలుచని బంగారం పసుపు, ఎరుపు కాంతులను వెనక్కు పంపివేసి, ఆకుపచ్చ, నీలి కాంతులను కొంతమేర తనలోనుండి పోనిస్తుంది. నగలో ఉన్న బంగారంలో ఈ గుణం మనకు ఎన్నటికీ కనబడదు, ఎందుకంటే వెలుతురు దూరేటంత పలుచగా ఎవరూ నగ చేయించుకోరు కదా.

ఎంత పలుచన అంటారా? ఈ రేకు మందం మీటరులో కోటవ వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. పది వేల రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చితే ఒక మిల్లీమీటరు. ఎనిమిది సెంటీమీటర్ల చదరపు రేకు బరువు పన్నెండు, పదమూడు మిల్లీగ్రాములు. పలుచని కాగితాల మధ్య ఇరవై అయిదు రేకులు పెట్టి చిన్న పొత్తంగా అమ్ముతారు. పొత్తం మొత్తంలో ఉండే బంగారం గ్రాములో మూడో వంతు. మా పని మొదలు పెట్టేటప్పుడు యాజమాన్యంవారికి ఈ లెక్క చెప్పవలసి వచ్చింది. "ముప్పయి ఎనిమిది మందికి బంగారు బోర్డా?" అని ఒక పెద్దమనిషి అడిగారు. రెండు పొత్తాలలో కలిపినా గ్రాము బంగారం ఉండదని చెప్పాను. ఆయన అసలు ప్రశ్న అది కాదని నాకు తెలుసు. ఆ విభాగం ఇంకెన్నేళ్ళు ఉంటుందన్నది ఆయన ప్రశ్న. దానికి ఏ కంసాలి త్రాసులోనూ జవాబు దొరకదు. చివరకు మా పాత విద్యార్థి ఒకాయన, ఉద్యోగ విరమణ చేసినవాడు, "పూర్వం ఎట్లా ఉండేదో అట్లాగే ఉంటే ఖర్చు నాది" అనడంతో మాట తెగింది.

అంతకు ముందు తాత్కాలికంగా ఒక ఫ్లెక్సు పలక వేయించారు. అది వచ్చిన రోజు పిల్లలు దానిని చదవలేక నన్ను పిలిచారు. 'మాధ్‌యమ' అని ఉన్నది, ధకారానికి పొల్లు, పక్కన విడిగా యకారం. అచ్చు వేసినవారికి తెలుగు రాదు. వారి కంప్యూటరులో బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేరుకు దక్షిణాసియా లిపులను కూర్చే అమరిక తెరిచి పెట్టకపోతే ఒత్తులన్నీ ఇట్లాగే ఊడి పక్కకు వచ్చి నిలబడతాయి. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిషాలలో పని చేస్తున్న మీకు ఈ అనుభవం కొత్త కాదు. పెళ్ళి శుభలేఖల నుండి బడి వార్షికోత్సవ పలకల వరకు ఊడిన ఒత్తుల తెలుగు మనకు కంటి ముందు ఉన్నదే. అచ్చు వేసినవారిని నేను తప్పు పట్టను. వారికి అది బొమ్మ, మనకు అక్షరం.

ఈ పని ఇంకా చేయగల మేస్త్రి ఒకరు ఉన్నారని విని వెతుక్కుంటూ వెళ్ళాను. వయస్సు డెబ్బయి దాటింది. తండ్రి దగ్గర నేర్చారు. దుకాణాల బోర్డులు, లారీల మీద పేర్లు, గోడల మీద సినిమా ప్రకటనలు, అన్నీ వ్రాశారు. 1980ల తొలినాళ్ళలో విదేశాలలో ప్లాస్టిక్కు రేకు నుండి అక్షరాలు కత్తిరించే కంప్యూటరు యంత్రాలు వచ్చాయి. తరువాత మన ఊళ్ళకు అవీ వచ్చాయి, వెనుకనే ఫ్లెక్సు వచ్చింది. ఆయన కుంచెలు పెట్టెలోకి వెళ్ళాయి. నేను తమిళంలో మొదలుపెట్టగానే ఆయన తెలుగులో అందుకున్నారు. "మేమూ తెలుగోళ్ళమే సార్. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే. చదవను రాదు, అంతే." అక్షరాలు వ్రాయడం వృత్తిగా యాభై యేళ్ళు గడిపిన మనిషి తన మాతృభాషలో తన పేరు చదువుకోలేడు. తమిళం, ఆంగ్లం చదువుతారు. తెలుగు, హిందీ, గుజరాతీ అక్షరాలను కాగితం మీద ఇస్తే బొమ్మ వలె వేస్తారు. తమిళనాట తెలుగు ఎట్లా బ్రతికి ఉన్నదని ఎవరైనా నన్ను అడిగితే ఈ మేస్త్రి గారిని చూపించవచ్చు. నోట ఉన్నది, చేతిలోనూ ఉన్నది, కంట లేదు.

ఇక పని ఎట్లా జరుగుతుందో చెబుతాను. గాజు మీద బంగారం వేయడమంటే వెనుకనుండి ముందుకు పని చేయడం. మామూలు బోర్డు మీద మొదట నేల రంగు, తరువాత అక్షరం, చివర నీడ. ఇక్కడ చూసేవారికి అన్నిటికంటె ముందు కనబడవలసినది అన్నిటికంటె ముందు వేయాలి. మొదట బంగారం, దాని వెనుక అక్షరపు ఆకారాన్ని నిలిపే నల్ల రంగు, ఆ వెనుక అంచు గీత, నీడ. ఇవన్నీ తలకిందులు కాదు, కుడియెడమలుగా వ్రాయాలి.

తంజావూరు గాజు చిత్రాలు చూసినవారికి ఈ క్రమం కొంత పరిచితమే. గాజు వెనుక చిత్రించే విద్య మన దేశానికి పద్ధెనిమిదో శతాబ్దంలో చైనా వర్తకంతో వచ్చిందంటారు. తంజావూరులో అది స్థానిక చిత్రకళతో కలిసిపోయింది. ఆ చిత్రకళను పోషించిన కుటుంబాలలో తెలుగు మాట్లాడే రాజులు, నాయుళ్ళు ఉన్నారు. నాయక రాజుల కాలపు తెలుగు సాహిత్యం గురించి మనం పాఠాలలో చెబుతాము గాని ఈ చేతిపనుల తెలుగు గురించి ఎందుకో చెప్పము. అయితే అక్కడి పద్ధతికి, బోర్డు పనికి తేడా ఉన్నది. గాజు చిత్రంలో రంగులు ముందు వేసి, నగలు, కిరీటాల చోట గాజును ఖాళీగా వదిలి, ఆ ఖాళీ వెనుక మెరుపు రేకు పెడతారు. బోర్డులో బంగారాన్నే నేరుగా గాజుకు అంటిస్తారు. ఈ అంటించడం కూడా పాత విద్యే. 1400 ప్రాంతంలో ఇటలీలో చెన్నీనో చెన్నీనీ అనే చిత్రకారుడు వ్రాసిన పుస్తకంలో గుడ్డు తెల్లసొనతో గాజుకు బంగారం అంటించే పద్ధతి ఉన్నది. ఇంగ్లండు, అమెరికాలలో పందొమ్మిదో శతాబ్దపు దుకాణాలు, బ్యాంకులు, మద్యశాలలు దీనిని వీధిలోకి తెచ్చాయి. మన రేవు పట్టణాలకు అక్కడినుండే వచ్చి ఉండాలి.

గాజును శుభ్రం చేయడానికే మేస్త్రి గారికి ఒక పూట పట్టింది. సుద్ద పొడిని నీళ్ళలో కలిపి పూసి, ఆరనిచ్చి, తుడిచి, స్పిరిటుతో మళ్ళీ తుడిచారు. వేలిముద్ర ఒకటి మిగిలినా ఆ మేర బంగారం పట్టదు. ఆ తరువాత జిగురు. దానిని జిగురు అనడానికి నోరు రాదు, చూస్తే మంచినీళ్ళే. మందుల దుకాణంలో దొరికే ఖాళీ క్యాప్సూలు, పెద్దది ఒకటి, కాస్త వేడినీళ్ళలో కరిగించి, అర లీటరు స్వేదనజలంలో కలపాలి. బ్యాటరీలలో పోసే నీళ్ళు తెచ్చారు. క్యాప్సూలు జెలటిన్‌తో చేసినది, జెలటిన్ పశువుల ఎముకల నుండీ తోళ్ళ నుండీ తీసేది. శాకాహారులైన మా సహోపాధ్యాయులొకరు ఈ మాట విని రెండడుగులు వెనక్కు వేశారు. తెల్లసొన అయినా పనికి వస్తుందని మేస్త్రి గారు ఆయనకు ధైర్యం చెప్పారు. ఆ ధైర్యం ఎంతవరకు పనికి వచ్చిందో మీరే ఊహించుకోండి.

జెలటిన్ ఎక్కువైతే బంగారం మసకబారుతుంది, తక్కువైతే రాలుతుంది. ఇంతటి పనికీ ఆధారం ఆ లెక్కే.

వేసవి సెలవులలో ఈ పని పెట్టుకున్నాము. చెన్నపట్నపు మే నెల మీకు తెలుసు. ఫంకాలు ఆపివేయాలి, కిటికీలు మూయాలి, గట్టిగా ఊపిరి విడవకూడదు. రేకును చేతితో ముట్టుకుంటే వేలికి అంటి మాయమైపోతుంది. దానికి ఉడుత వెంట్రుకల పలుచని పట్టె కుంచె ఉన్నది, తండ్రి నాటిదట. మేస్త్రి గారు ఆ కుంచెను తన చెంపకు ఒకసారి రాసుకుంటారు. చెంప మీది రవ్వంత జిడ్డు చాలు, రేకు అంచు దానికి పట్టుకుంటుంది. గాజును ఏటవాలుగా నిలబెట్టి, వెడల్పు కుంచెతో జెలటిన్ నీళ్ళు ధారాళంగా పారించి, ఆ తడి ఆరకముందే రేకును దగ్గరకు తెస్తారు. వేలెడంత దూరంలో ఉండగానే రేకు కుంచెను వదిలి తానే దూకి గాజుకు అతుక్కుంటుంది. ఆ దూకుడు చూడవలసినదే. పెట్టడం కాదు, ఇవ్వడం అని మేస్త్రి గారు అన్నారు. "మనం పెట్టకూడదు సార్. చూపిస్తే అదే పోతుంది."

తడిగా ఉన్నప్పుడు బంగారం ముడతలు పడి, మట్టి రంగులో, చూడడానికి ఏమీ బాగుండదు. నీళ్ళు జారిపోయి ఆరుతున్నకొద్దీ రేకు గాజుకు బిగిసి, అంచుల నుండి వెలుగు పాకుతూ వస్తుంది. ఆరిన తరువాత దూదితో మెత్తగా రాస్తే వదులుగా ఉన్న పొడి రాలిపోతుంది. అప్పుడు వెనుకకు వెళ్ళి వెలుతురులో చూస్తే సూది మొనల వంటి కన్నాలు, సన్నని చీలికలు కనబడతాయి. వాటి మీద మళ్ళీ నీళ్ళు, మళ్ళీ రేకు. చివరగా వేడినీళ్ళు పైనుండి జారవిడుస్తారు, లోపలి జెలటిన్ ఇంకొకసారి కరిగి బిగుసుకుని మెరుపు హెచ్చుతుంది.

ఎన్ని రేకులు కావాలన్న లెక్క వద్ద మాకు తెలుగు అడ్డు వచ్చింది. ఆంగ్ల అక్షరాలైతే పై గీత, కింది గీత మధ్య రెండు వరుసల రేకులు పరచి ఊరుకోవచ్చు. మేస్త్రి గారు మొదట అట్లాగే కొలిచారు, పదమూడేసి రేకులు రెండు వరుసలు, ఇరవై ఆరు. "కింద ఇంకొక వరుస కావాలి" అన్నాను. ధ్యలోని యవత్తు తోక ఉన్నది, భా కింద గీత ఉన్నది. ఆ రెండు చోట్ల రెండేసి చొప్పున నాలుగు, మొత్తం ముప్పయి. కన్నాలు పూడ్చడానికి పదకొండు. రెండు పొత్తాలలో యాభై. మన లిపి నేల కిందికి కూడా చోటు అడుగుతుందన్న సంగతి పిల్లలకు నాలుగు గీతల పుస్తకంలో చెబుతూనే ఉంటాము గాని, దానిని బంగారంలో లెక్కగట్టడం నాకు అదే మొదటిసారి.

బంగారం పరచిన తరువాత గాజు వెనుక అంతా ఒకే పసుపు మైదానం. అక్షరం ఎక్కడున్నదో తెలియదు. ఇక్కడ కాగితపు నమూనా అక్కరకు వస్తుంది. పూర్తి కొలతతో వ్రాసిన అక్షరాల అంచుల వెంబడి సూదితో కన్నాలు పొడుస్తారు. కాగితాన్ని తిరగవేసి బంగారం మీద ఆనించి, సుద్ద పొడి మూటతో అద్దితే చుక్కలు చుక్కలుగా అక్షరం దిగుతుంది. మగ్గం పని చేసేవారు చీర మీద నమూనా దించే తీరు ఇదే. ఆ చుక్కల వెంట నల్ల ఎనామెలు రంగుతో అక్షరాన్ని నింపి, బాగా ఆరిన తరువాత తడి దూదితో, కాస్త సుద్దతో తుడిస్తే రంగు చాటున ఉన్న బంగారం నిలుస్తుంది, మిగిలినది పోతుంది. అన్నేసి రేకులు పరచి ఆనక సగానికి పైగా తుడిచివేయడమే ఈ పని. చూస్తూ ఉన్న పాత విద్యార్థి గారి ముఖం ఆ పూట చూడవలసి ఉండెను.

నమూనా వ్రాయడం నా వంతు. అందులో నేను ఎన్నో యేళ్ళుగా తరగతిలో చెబుతున్న సంగతులే కొత్తగా కనబడ్డాయి.

ఆంగ్లంలో ఓ, టి, ఎమ్, ఎ వంటి పెద్ద అక్షరాలు అద్దంలో చూసినా అవే. మన వర్ణమాలలో అట్లాంటివి ఉన్నాయా అని మీరు ఎప్పుడైనా ఆలోచించారా? సున్న ఒక్కటి ఉన్నది. గకారం ఒళ్ళు చూడండి, గొడుగు వలె రెండు వైపులా సమంగానే ఉంటుంది. ఠకారం ఒళ్ళు గుండ్రన. కాని వాటి నెత్తిన తలకట్టు ఉన్నది. ఎడమ కాలు పొట్టి, కుడి కాలు పొడుగు. అద్దంలో అది తిరగబడి అక్షరం గుట్టు బయటపెడుతుంది. తలకట్టును పిల్లలు అలంకారమనుకుని ఇష్టం వచ్చినట్లు గీస్తారు. అక్షరానికి ఏది కుడి, ఏది ఎడమ అని చెప్పేది అదేనని ఈ పలక ముందు నిలబడి చూపిస్తే ఒక్క నిమిషంలో అర్థమయింది. మా పలకలో గు, ధ్య, మ, గ, ము, ఈ అయిదింటికి తలకట్లు ఉన్నాయి. మేస్త్రి గారికి మాత్రం ఈ చిక్కు లేనేలేదు. చదవడం రానివారికి అక్షరం ఎటు తిరిగినా ఒకటే కాబట్టి, తిరగేసిన తెలుగును ఆయన నాకంటె తడబాటు లేకుండా వ్రాశారు. నేను వెనుకనుండి చూస్తూ ప్రతి అక్షరానికి ఆగి, మనస్సులో తిప్పుకుని, అప్పుడు తల ఊపేవాడిని.

కాని ఆయన ఒక చోట ఆగారు. కాగితం మీద ధ్య కింద ఉన్న చిన్న నిలువు గీతను చూపించి, "ఇది రంగు కారిందా సార్, అక్షరమేనా?" అని అడిగారు. అక్షరమేనన్నాను. అది లేకపోతే ఏమవుతుందన్నారు. ధ కాస్తా ద అవుతుంది, 'మాద్యమ' అవుతుంది. భాలోనిది పోతే అది ఏ అక్షరమూ కాకుండా పోతుందని చెప్పాను. ఆయన రెండింటినీ పలికి చూశారు. తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకే అక్షరం. తమిళం చదివిన కన్ను, తమిళం విన్న చెవి ఆ గీతను వెతకవు. మా పిల్లలు వ్రాసే 'విద్యార్ది', 'బాష', 'దనము' ఇవన్నీ అజాగ్రత్త వల్ల పుట్టినవి కావు, ఆ గీత వారి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పరిశీలకులు వచ్చి నోటుపుస్తకాలలో ఎర్రసిరాతో సున్నాలు చుడతారు. ఆ సిరా ఖర్చు పెట్టేముందు వారు ఒక పూట ఈ ఊళ్ళో తిరిగి బోర్డులు చదివితే బాగుంటుందని నా అభిప్రాయం.

మేస్త్రి గారు ఆ గీతను మిగతా గీతల కంటె ఒక నూలు లావుగా వేశారు. నేను చెప్పలేదు. "చిన్నది కదా సార్, దూరానికి పోతుంది" అన్నారు.

'మ', 'ము' వద్ద ఇంకొక ప్రశ్న. "ఇది ఇంతకుముందే వచ్చిందే, ఇప్పుడు తోక ఎందుకు పొడుగయింది?" అప్పుడు కొమ్ము సంగతి చెప్పాను. మకారానికి స్వతహాగానే కొమ్ము వంటి వంపు ఉండడం, వకారానికి కొమ్ము ఇస్తే మకారంతో కలిసిపోతుందని 'వు'లో కొమ్మును కిందినుండి తిప్పడం, ఇవన్నీ చెబుతుంటే ఆయన పని ఆపి విన్నారు. తె, లు, గు అని తానే వేలు పెట్టి చదివారు. మూడు అక్షరాలూ వెనుకనుండి, కుడినుండి ఎడమకు. డెబ్బయి యేళ్ళ మనిషి తన భాష పేరును మొదటిసారి చదివినది అట్లా. మనుమరాలిని మా ఒకటో తరగతిలో చేరుస్తారా అని అడిగాను. నవ్వి, "పాప ఇంగ్లీషు మీడియం సార్" అన్నారు. నేను మళ్ళీ అడగలేదు. మనలో ఎంతమంది ఉపాధ్యాయుల పిల్లలు తెలుగు మాధ్యమంలో ఉన్నారో మనకు తెలుసు.

ఈ జవాబు వెనుక ఉన్న కారణాలు తెలియనివి కావు. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, యేటా ఒక తరగతి చొప్పున పైకి ప్రాకి, 2015-16కు పదో తరగతిని చేరింది. తమిళం అందరికీ మొదటి భాష అయింది. తెలుగు ఐచ్ఛికం అయింది. మినహాయింపుల కోసం అల్పసంఖ్యాక విద్యార్థులు ఒక్కొక్క యేడు న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి వచ్చింది. తమిళం నేర్వడం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ గడ్డ మీద పుట్టి ఆ భాష రాకుండా ఉండడం నాకైతే ఊహకు అందదు. నా బాధ వేరు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, 1956లో చేర్చినది, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ చేయాలంటుంది. వసతి అనగా గది ఒక్కటేనా? గది మాకు ఉన్నది. తెలుగు చదివితే ఏమవుతుందని తల్లి అడిగినప్పుడు చెప్పడానికి ఒక జవాబు కూడా వసతేనని నేను అనుకుంటాను. అది లేకనే పాప ఇంగ్లీషు మీడియం అయింది. పేరు పలక బంగారంతో వ్రాసినంత మాత్రాన ఆ జవాబు దొరకదని యాజమాన్యపు పెద్దమనిషి అన్నారు. ఆ మాట నిజమే. అయినా పలక లేని తలుపు ముందు నిలబడి ఆ తల్లితో మాట్లాడడం ఇంకా కష్టం.

జూన్‌లో బడి తెరిచినప్పుడు పిల్లలు మొదట బయటనుండి చూశారు, ఆ తరువాత లోపలికి వచ్చి తల ఎత్తి చూశారు. లోపలివైపు బంగారం లేదు. నల్లని అక్షరాలు, కుడియెడమలుగా, వార్నీషు పూతతో. "మనవైపు తప్పుగా ఉంది సార్" అన్నాడు ఒకడు. లోపల కూర్చుని చదువుకునేవారికి వెనుకభాగం, దారిన పోయేవారికి బంగారమా అని అతని ఫిర్యాదు. న్యాయమైనదే. మూడో తరగతివారు మాత్రం దానిని ఆటగా చేసుకున్నారు. పలకల మీద తిరగేసిన తెలుగు వ్రాసి, చేతి అద్దం పెట్టి చదవడం. తలకట్టు ఎటు తిరగాలో ఇప్పుడు ఆ తరగతిలో నేను చెప్పనక్కరలేదు. ధకారపు గీతను మాత్రం ఇంకా సగం మంది మరిచిపోతూనే ఉన్నారు. మరిచినవారిని బయటకు పంపి పలక చూసి రమ్మంటున్నాను. కొందరు పలక చూడడానికి వెళ్ళి చెరువు గట్టు దాకా పోతున్నారని కూడా తెలిసింది.

మేస్త్రి గారు వెళ్ళేటప్పుడు గోడకు వేలాడే అక్షరమాల పటం ఒకటి అడిగి తీసుకుపోయారు. బోర్డులకు పనికి వస్తుందన్నారు. మిగిలిన తొమ్మిది రేకులు, ఆ చిన్న పొత్తం, కాగితపు నమూనా బీరువాలో ఉన్నాయి. నమూనా కన్నాలు చెడలేదు కనుక ఈ పలక పగిలినా మళ్ళీ వ్రాయించవచ్చు.

గాజు మీది బంగారం నల్లబడదు, చిలుము పట్టదు. చెడేది దాని వెనుక ఉన్న జెలటిన్, రంగు. తడి చేరితే చాలు, అంచునుండి లేస్తుంది. అందుచేత బయటివైపు ఎంత తుడిచినా ఫరవాలేదు గాని లోపలివైపు తడిగుడ్డ తగలనీయరాదు. ఆయాకు ఈ సంగతి తెలుగులో చెప్పాను. ఆమె తల ఊపింది. తమిళంలో కూడా ఒకసారి చెప్పాను.